కవరు విప్పని ఛార్జింగ్ వైరు

హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక కార్ల మీద వాదన మొదలైందంటే రెండే పార్టీలు. ఒకటి పెట్రోల్ పార్టీ, ఇంకోటి కరెంటు పార్టీ. "ఛార్జింగ్ అయిపోతే సూర్యాపేట దగ్గర తోసుకుంటూ పోతావా?" అని వీళ్ళు. "లీటరు వంద దాటింది, ఇంకెన్నాళ్ళు పోయిస్తావురా?" అని వాళ్ళు. చివరికి ఎవడో ఒకడు దుప్పట్లోంచి తల బయటపెట్టి "రెండూ ఉన్న కారు కొంటే గొడవే లేదు కదా" అంటాడు. అందరూ అవునని పడుకుంటారు.

నిజానికి వాదన అక్కడే మొదలవ్వాలి. రెండూ ఉన్న ఆ కారు పేరు ప్లగ్-ఇన్ హైబ్రిడ్. మనం ముద్దుగా ప్లగ్గు కారు అనుకుందాం. మన రోడ్ల మీద కనిపించే ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి హైబ్రిడ్‌లు వేరు. వాటి బ్యాటరీ చిన్నది. బ్రేకు వేసినప్పుడు, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు అదే నింపుకుంటుంది. గోడకు పెట్టే ప్లగ్గు దానికి ఉండదు. ప్లగ్గు కారులో బ్యాటరీ పెద్దది, చాలా మోడళ్ళలో 10 నుంచి 20 యూనిట్ల దాకా పడుతుంది. రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెడితే పొద్దున మొదటి 40, 60, 80 కిలోమీటర్లు కరెంటు మీద పోతుంది. అది అయిపోయాక ఇంజిన్ అందుకుంటుంది. చైనాలో బీవైడీ ఎఫ్3డీఎం 2008 డిసెంబరులో, అమెరికాలో షెవర్లే వోల్ట్ 2010 డిసెంబరులో వచ్చాయి. అంటే ఈ ఆలోచన వయసు పదిహేనేళ్ళు దాటింది. ఫలితాలు ఎలా ఉన్నాయో చూడటానికి ఆ మాత్రం సమయం చాలు.

నా మాట ముందే చెప్పేస్తా. ఈ కారు మైలేజీ ఎంత అని అడిగితే దాన్ని తయారు చేసిన ఇంజినీరు కూడా చెప్పలేడు. రాత్రి పడుకునే ముందు ఓనరు ప్లగ్ పెడతాడా, పెట్టడా అన్నదే చెప్తుంది. అలాంటప్పుడు ప్రభుత్వం ఇచ్చే రాయితీ కారు కొన్నందుకు ఇవ్వడం తప్పు. ప్లగ్ పెట్టినందుకు ఇవ్వాలి. మన దేశంలో ఈ కార్లు ఇంకా లెక్కపెట్టగలిగేన్నే ఉన్నాయి కాబట్టి, ఈ మాట ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.

కాగితం మీద లీటరుకు 52

ముందు ఒక చిన్న లెక్క. మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ ప్లగ్-ఇన్ అని ఒక పెద్ద ఎస్‌యూవీ 2013లో యూరప్ మార్కెట్లోకి వచ్చింది. బ్యాటరీ 12 యూనిట్లు. బరువు 1,800 కిలోల పైమాట. దాని అధికారిక మైలేజీ 100 కిలోమీటర్లకు 1.9 లీటర్లు. మన భాషలో లీటరుకు 52 కిలోమీటర్లు! మన ఊళ్ళో బైకు ఇచ్చే మైలేజీ అంత బండికి వచ్చిందంటే ఏదో మాయ ఉండాలి కదా.

మాయ ఏమీ లేదు, ఒక ఫార్ములా ఉంది. అప్పటి యూరప్ టెస్టు రూల్ ఇలా ఊహించింది: బ్యాటరీ మీద ఈ బండి 52 కిలోమీటర్లు పోతుంది. బ్యాటరీ అయిపోయాక మళ్ళీ ఛార్జింగ్ పెట్టేలోపు సగటున 25 కిలోమీటర్లు మాత్రమే పెట్రోల్ మీద తిరుగుతుంది. మొత్తం 77లో 25కే పెట్రోల్ ఖర్చు. ఇంజిన్ మీద నడిచినప్పుడు 100 కిలోమీటర్లకు 5.8 లీటర్లు తాగితే, దాన్ని 25తో గుణించి 77తో భాగించండి. 1.9 వచ్చేస్తుంది.

లెక్కలో తప్పు లేదు. కానీ ఆ 25 ఎక్కడినుంచి వచ్చింది? అది ఇంజిన్ గుణం కాదు, బ్యాటరీ గుణం కాదు, టైరు గుణం కాదు. మనిషి గుణం. ల్యాబులో కొలవడానికి కుదరని ఒకే ఒక్క అంకె తీసుకొచ్చి ఫార్ములా మధ్యలో కూర్చోబెట్టారు. మిగతా లెక్కంతా దాని భుజాల మీదే నిలబడింది.

కరెంటు బిల్లు ఎవరిది, పెట్రోల్ కార్డు ఎవరిది

ఆ అంకె నమ్మి ప్రభుత్వాలు డబ్బులు పంచాయి. నెదర్లాండ్స్‌లో కంపెనీ ఇచ్చిన కారును సొంత పనులకు వాడుకుంటే దానికి ఉద్యోగి ఆదాయ పన్ను కట్టాలి. కాగితం మీద కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు 50 గ్రాముల లోపు ఉన్న కార్లకు 2013 వరకు ఆ పన్ను సున్నా. అవుట్‌ల్యాండర్ లెక్క 44 గ్రాములు. ఇంకేం, ఆ ఏడాది చివరి నెలల్లో అక్కడ జనం ఎగబడి కొన్నారు. కొన్నది పన్ను కోసం. ప్లగ్గు కోసం ఎంతమంది కొన్నారన్నది వేరే సంగతి.

బ్రిటన్‌లో ఆ వేరే సంగతి బయటపడింది. 2018లో అక్కడ కంపెనీ కార్ల ఇంధన ఖర్చు చూసే ఒక సంస్థ దాదాపు 1,500 ప్లగ్గు కార్ల లెక్కలు తీసింది. ప్రకటనల ప్రకారం లీటరుకు సగటున 46 కిలోమీటర్లు రావాలి. వచ్చింది 14. కొన్ని కార్లలో ఛార్జింగ్ వైరు కంపెనీ నుంచి వచ్చిన కవర్లోనే ఉందట! కారు తిరిగి ఇచ్చేసే రోజు వరకు విప్పలేదు. బ్రిటన్ ప్రభుత్వం అదే ఏడాది ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకు ఇచ్చే కొనుగోలు గ్రాంటు ఆపేసింది.

ఇక్కడ ఆ ఉద్యోగుల్ని తిట్టడం తేలిక. "ఫ్రీగా వచ్చింది కదా, విలువ తెలీదు" అనేయొచ్చు. కానీ వాళ్ళ స్థానంలో మనల్ని పెట్టుకుని చూద్దాం. కారుతో పాటు కంపెనీ పెట్రోల్ కార్డు ఇస్తుంది. ఎంత కొట్టించినా బిల్లు కంపెనీదే. ఇంట్లో ఛార్జింగ్ పెడితే మాత్రం కరెంటు బిల్లు సొంత జేబులోంచి. పైగా జర్మనీ లాంటి చోట కరెంటు ఏమీ చౌక కాదు. ఒకటి ఉచితం, ఒకటి సొంత డబ్బు. మీరైతే ఏది వాడతారు? మెస్సులో భోజనం ఉండగా జేబులో డబ్బులు పెట్టి రోజూ బయట తినేవాడు మనలో ఎంతమంది?

జర్మనీ ఫ్రాన్‌హోఫర్ సంస్థ, ఐసీసీటీ కలిసి 2022లో ప్రచురించిన అధ్యయనం ఇదే చూపించింది. ప్లగ్గు కార్లు తిరిగిన మొత్తం దూరంలో కరెంటు మీద నడిచిన వాటా సొంత కార్లలో 45 నుంచి 49 శాతం. కంపెనీ కార్లలో 11 నుంచి 15 శాతం. కార్లు అవే, రోడ్లు అవే. బిల్లు కట్టేవాడు మారాడు, అంతే.

యూరప్‌లో 2021 నుంచి కొత్త కార్లు తాము నిజంగా తాగిన ఇంధనాన్ని తామే రికార్డు చేసుకోవాలి. దాంతో గొడవ లేకుండా పోయింది. ఆ రికార్డులు పోగేసి 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. మామూలు పెట్రోల్, డీజిల్ కార్లు కాగితం మీద కంటే సుమారు 20 శాతం ఎక్కువ పొగ వదిలితే, ప్లగ్గు కార్లు మూడున్నర రెట్లు ఎక్కువ వదులుతున్నాయి. కిలోమీటరుకు 40 గ్రాములు అని రాసుంటే వస్తున్నది దాదాపు 140.

ఫార్ములా కూడా మార్చక తప్పలేదు. ఇప్పటి యూరప్ టెస్టులో కరెంటు వాటాను యుటిలిటీ ఫ్యాక్టర్ అంటారు. 60 కిలోమీటర్ల రేంజి ఉన్న కారుకు మొన్నటిదాకా ఇది సుమారు 80 శాతం. 2025 నుంచి కొత్త మోడళ్ళకు అదే కారు, అదే బ్యాటరీ, కానీ వాటా సుమారు 50 శాతం. 2027 నుంచి సుమారు 30. బ్యాటరీలో ఒక్క సెల్లు కూడా పాడవలేదు. మనిషి మీద నమ్మకం ఒక్కటే తగ్గింది.

అదే కారు, వేరే కథ

ఇంతవరకు చదివి కరెంటు పార్టీ వాళ్ళు చప్పట్లు కొడుతుంటారు. "మేం చెప్పలేదా, ప్లగ్గు కారు పచ్చి మోసం, రెండు పడవల మీద కాళ్ళు" అని. కాస్త ఆగండి.

అమెరికాలో షెవర్లే వోల్ట్ వచ్చిన తొలి ఏళ్ళలో ఐడహో నేషనల్ లేబొరేటరీ వేల కార్లను గమనించింది. అందులో వోల్ట్ కార్లు తిరిగిన దూరంలో దాదాపు 75 శాతం కరెంటు మీదే నడిచింది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, అదే అధ్యయనంలో పూర్తి కరెంటు కారు నిస్సాన్ లీఫ్ కూడా ఉంది. లీఫ్ రేంజి సుమారు 117 కిలోమీటర్లు. వోల్ట్ కరెంటు రేంజి అందులో సగమే, 60 లోపు. కానీ ఏడాదికి లీఫ్ నడిచిన దూరం సగటున 15,600 కిలోమీటర్లు అయితే, వోల్ట్ ఒక్క కరెంటు మీదే 14,600 పైచిలుకు నడిచింది. సగం రేంజితో దాదాపు అంతే పని! లీఫ్ ఓనరు "మధ్యలో ఆగిపోతుందేమో" అని దూర ప్రయాణాలు మానుకున్నాడు. వోల్ట్ ఓనరుకు ఆ భయం లేదు కాబట్టి బ్యాటరీలో చివరి చుక్క దాకా వాడుకున్నాడు.

మరి వీళ్ళేమైనా పుణ్యాత్ములా? కాదు. వాళ్ళలో చాలామందికి ఆ ప్రాజెక్టు కింద ఇంట్లోనే ఛార్జర్ అమర్చారు. కారు సొంతం, పెట్రోల్ ఖర్చు సొంతం. సాయంత్రం ఇంటికి రాగానే వైరు చేతికి అందే దూరంలో ఉంటుంది. ప్లగ్ పెడితే డబ్బు మిగులుతుంది. జర్మనీ ఉద్యోగికి 15 శాతం, వోల్ట్ ఓనరుకు 75 శాతం. తేడా మనుషుల మంచితనంలో లేదు, వాళ్ళ చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది.

బ్యాటరీ పెంచాలా, అలవాటు పెంచాలా

ఇప్పుడు మన పద్ధతిలో ఒక పేజీ లెక్క. ఒకాయన రోజూ 40 కిలోమీటర్లు తిరుగుతాడు అనుకుందాం. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాటి వెళ్ళొచ్చి, మధ్యలో పిల్లల ట్యూషనూ కూరగాయలూ కలిపితే అంత అవుతుంది. కారు రేంజి 60 కిలోమీటర్లు.

రోజూ రాత్రి ప్లగ్ పెడితే పెట్రోల్ సున్నా. రోజు మార్చి రోజు పెడితే 80లో 60 కరెంటు, అంటే 75 శాతం. మూడు రోజులకోసారి అయితే 120లో 60, సగం. వారానికోసారి, ఆరు పనిదినాలు తిరిగాక, 240లో 60. పావు వంతు. కారు మారలేదు, 100 నుంచి 25కు పడిపోయింది.

ఇంకో రకంగా చూడండి. 30 కిలోమీటర్ల చిన్న బ్యాటరీని రోజూ ఛార్జ్ చేసినా 75 శాతమే. 60 బ్యాటరీని రోజు మార్చి రోజు చేసినా 75 శాతమే. 120 బ్యాటరీని నాలుగు రోజులకోసారి చేసినా 160లో 120, మళ్ళీ 75 శాతమే! అంటే బద్ధకం ఒక మెట్టు పెరిగినప్పుడల్లా బ్యాటరీ రెట్టింపు కావాలి. బ్యాటరీ అంటే లిథియం, నికెల్, బరువు, లక్షల రూపాయలు. ప్లగ్ పెట్టడం అంటే అర నిమిషం. "ఇంకా ఎక్కువ రేంజి ఉన్న మోడల్ ఎప్పుడొస్తుంది?" అని ఎదురుచూసే వాళ్ళు ఈ మూడు 75లను ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

అసలు ఛార్జే చేయకపోతే? మొదటి వోల్ట్ బ్యాటరీ ప్యాక్ బరువు దాదాపు 197 కిలోలు. ముగ్గురు మనుషుల్ని ఎక్కించుకుని, వాళ్ళతో ఏ పనీ చేయించకుండా ఊరంతా తిప్పడమే. న్యాయంగా చెప్పాలంటే బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటు దాచుకుంటుంది కాబట్టి మామూలు హైబ్రిడ్‌లా కొంత ఆదా ఉంటుంది. కానీ ఆ ఆదా కోసం అయితే మామూలు హైబ్రిడ్ చాలు కదా, తక్కువ ధరలో, తక్కువ బరువుతో.

రోజూ ప్లగ్ పెడితే బ్యాటరీ చెడిపోదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఫోన్ దగ్గర నేర్చుకున్న భయం ఇది. "20కి తగ్గనివ్వకు, 80 దాటనివ్వకు" అని మన రూముల్లో నియమాలు పెట్టుకున్నవాళ్ళున్నారు. దాని వెనక శాస్త్రం ఉంది. లిథియం బ్యాటరీ నిండుగా ఉండి, పైగా వేడిగా ఉంటే లోపల అక్కరలేని రసాయన చర్యలు ఎక్కువవుతాయి. అడుగంటా ఖాళీ చేయడమూ మంచిది కాదు.

కానీ ప్లగ్గు కార్ల డిజైనర్లు ఈ జాగ్రత్త ముందే తీసుకున్నారు. చిన్న బ్యాటరీ రోజూ నిండి రోజూ ఖాళీ అవుతుందని వాళ్ళకు తెలుసు. అందుకే మొదటి వోల్ట్‌లో 16 యూనిట్ల బ్యాటరీ పెట్టి, వాడుకోవడానికి పది యూనిట్ల చిల్లర మాత్రమే ఇచ్చారు. డ్యాష్‌బోర్డు 100 అని చూపించినా లోపల నిజంగా నిండదు. సున్నా అని చూపించినా నిజంగా ఖాళీ అవ్వదు. అమ్మ డబ్బాలో అడుగున నాలుగు గిద్దెల బియ్యం ఎప్పుడూ ఉంచినట్టు. ఈ అడుగు బియ్యం ఎంత అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్ చదవాలి. కానీ ఫోన్ నియమం తెచ్చి ఈ కారుకు పెట్టి, బ్యాటరీ మీద జాలితో పెట్రోల్ కాల్చడం మాత్రం అర్థం లేని పని.

నిజంగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది వేడి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఎండలో నిలబెట్టిన కారు, నిండు ఛార్జింగుతో రోజుల తరబడి కదలకుండా ఉండటం మంచిది కాదు. నీడ చూడాలి. కారులో టైమర్ ఉంటే బయల్దేరే వేళకు ఛార్జింగ్ పూర్తయ్యేలా పెట్టుకోవాలి. వేసవిలో బయల్దేరే ముందే, ప్లగ్ తీయకుండా, ఏసీ వేసి కారు చల్లబరిస్తే ఆ కరెంటు గోడ నుంచి వస్తుంది, బ్యాటరీ రేంజి మిగులుతుంది.

రెండోది వైరింగ్. ఈ కార్లకు పెద్ద ఫాస్ట్ ఛార్జర్ అక్కర్లేదు, చాలావాటికి ఆ పోర్టే ఉండదు. గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్ మీద సుమారు మూడు కిలోవాట్లు లాగితే నాలుగైదు గంటల్లో నిండిపోతుంది. కానీ గీజరు పావుగంటే నడుస్తుంది, కారు గంటల తరబడి లాగుతుంది. ఎర్తింగ్ సరిగా ఉండాలి, వైరు మందం సరిపోవాలి. హాస్టల్లో ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కెటిలూ ఇస్త్రీపెట్టే పెట్టే మన తెలివితేటలు ఇక్కడ చూపించకూడదు.

మూడోది, ఇంజిన్‌తో బ్యాటరీ ఛార్జ్ చేసే బటన్. కొన్ని కార్లలో ఉంటుంది. పెట్రోల్‌లో ఉన్న శక్తిలో ఇంజిన్ పనిగా మార్చేది మహా అయితే 40 శాతం. దాన్ని కరెంటుగా మార్చి, బ్యాటరీలో దాచి, మళ్ళీ తీసి మోటారుకు ఇస్తే ప్రతి చోటా కొంత పోతుంది. గోడకు ప్లగ్ పెట్టడం బదులు రోజూ ఈ బటన్ నొక్కడం అంటే బిందెలో నీళ్ళు చెంబుతో తోడి మళ్ళీ బావిలో పోయడమే. ఉన్న ఛార్జింగ్ దాచిపెట్టే 'హోల్డ్' బటన్ మాత్రం మంచిదే. హైవే మీద ఇంజిన్ బాగా పనిచేస్తుంది, ఊళ్ళో ట్రాఫిక్‌లో మోటారు బాగా పనిచేస్తుంది. దూరం పోతున్నప్పుడు హైవేలో దాచుకుని ఊళ్ళో వాడుకోవడం తెలివైన పని.

మన దగ్గరికి వస్తే

మన దేశంలో ఇప్పటిదాకా అమ్మిన ప్లగ్గు కార్లు వోల్వో ఎక్స్‌సీ90 టీ8, బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం లాంటి ఖరీదైనవే ఎక్కువ. "మరి మనకెందుకీ గోల?" అంటారేమో. రూల్స్ మాత్రం కార్ల కంటే ముందే వచ్చేశాయి కాబట్టి. కంపెనీలు అమ్మే కార్ల సగటు ఇంధన వాడకానికి హద్దు పెట్టే కేఫ్ నిబంధనల్లో ఒక్కో ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను 2.5 కార్లుగా లెక్కపెట్టుకునే వీలుంది. ఉత్తరప్రదేశ్ 2024 జూలైలో హైబ్రిడ్‌లతో పాటు వీటికీ రిజిస్ట్రేషన్ దగ్గర పన్ను మాఫీ చేసింది. పూర్తి కరెంటు కార్లకు జీఎస్టీ 5 శాతమే. హైబ్రిడ్‌లకూ తగ్గించండి అన్న మాట పరిశ్రమలో చాలా ఏళ్ళుగా వినిపిస్తూనే ఉంది. రేపో ఎల్లుండో మధ్యతరగతి ధరలో ప్లగ్గు కారు వస్తుంది, రాయితీ అడుగుతుంది. అప్పుడు నెదర్లాండ్స్ చేసిన పనే మనం చేస్తామా అన్నది ప్రశ్న.

కొన్నరోజే వరం ఇచ్చేస్తే ఏమవుతుందో ఇంకా రెండు చోట్ల చూశాం. కాలిఫోర్నియాలో ప్లగ్గు కారుకు ఆకుపచ్చ స్టిక్కర్ ఇచ్చి, ఒక్కరే ఉన్నా కార్‌పూల్ లేన్‌లో పోనిచ్చేవాళ్ళు. బే ఏరియాలో ఉద్యోగాలు చేసే మనవాళ్ళను అడగండి, ఆ స్టిక్కర్ విలువ చెప్తారు. స్టిక్కర్‌కు కావాల్సింది కారు, ఛార్జింగ్ కాదు. ఆ స్టిక్కర్ల పథకం 2025 సెప్టెంబరుతో ముగిసింది. షాంఘైలో పెట్రోల్ కారు నంబర్ ప్లేటు వేలంలో కొనాలంటే దాదాపు 90 వేల యువాన్లు. ప్లగ్గు కారుకు ఉచితం. ఇక చెప్పేదేముంది? 2023 జనవరి నుంచి ప్లగ్గు కార్లకు ఆ ఉచితం ఎత్తేశారు.

కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు దుడ్డులా ఉండాలి అంటే కుదరదు కదా. వైరు కవర్లోనే ఉండాలి, గాలి శుభ్రంగా ఉండాలి అంటే కూడా కుదరదు. అందుకే నేను అనేది, రాయితీని కొలిచి ఇవ్వండి. ఎన్ని కిలోమీటర్లు కరెంటు మీద నడిచిందో కారుకే తెలుసు. ఏటా ఇన్సూరెన్స్ కట్టేటప్పుడో, పొల్యూషన్ చెక్ దగ్గరో ఆ అంకె చదివి, దాన్ని బట్టి ఆ ఏడాది రాయితీ ఇవ్వొచ్చు. యూరప్ ఇప్పటికే ఆ అంకెలు పోగేస్తోంది కాబట్టి ఇది ఊహాలోకం ముచ్చట కాదు. "ఓడోమీటరే తిప్పేసే దేశంలో ఇదీ తిప్పేస్తారు" అంటారా, నిజమే, కొందరు తిప్పుతారు. కానీ ఈరోజు పద్ధతిలో తిప్పాల్సిన పని కూడా లేదు, ఊరికే కొంటే చాలు. కంపెనీ కార్ల విషయంలో ఇంకా సులువు. పెట్రోల్ కార్డు ఇచ్చే కంపెనీ, ఇంట్లో ఛార్జింగ్ బిల్లు కూడా ఇస్తేనే పన్ను లాభం అనాలి.

దీనికంటే ముందు ఒక సాకెట్ కావాలి. మా అపార్ట్‌మెంట్లో పై ఫ్లోర్ అన్నయ్య కరెంటు స్కూటర్ కోసం సెల్లార్‌లో ఒక ప్లగ్ పాయింట్ అడిగితే మీటింగుల మీద మీటింగులు నడిచాయి. "కామన్ మీటర్ బిల్లు అందరం ఎందుకు కట్టాలి బాబూ?" అని సెక్రటరీ అంకుల్. "నా ఫ్లాటు మీటర్ నుంచే వైరు లాక్కుంటానంకుల్" అని ఈయన. "రేపు అందరూ వైర్లు లాగితే సెల్లార్ సాలెగూడు అవుతుంది" అని ఇంకో ఆంటీ. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. చివరికి ఒక సబ్ మీటర్ పెట్టి, పైపులోంచి వైరు లాగి, నెలనెలా ఆయన యూనిట్లు ఆయన కట్టేలా తేల్చారు. ఖర్చయింది కొన్ని వేలు, పట్టింది నెలలు.

ఇంటి కనెక్షన్ మీదే బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెప్తున్నాయి. కొత్త భవనాల పార్కింగులో 20 శాతం చోటుకు ఛార్జింగ్ వీలు ఉండాలని 2019లో మోడల్ బిల్డింగ్ బైలాస్‌కు సవరణ కూడా వచ్చింది. కాగితం ఉంది. సెల్లార్‌లో సాకెట్ ఎక్కడ? పూర్తి కరెంటు కారు కొన్నవాడు సాకెట్ లేకపోతే పోట్లాడి తెచ్చుకుంటాడు, లేకపోతే బండి కదలదు. ప్లగ్గు కారు కొన్నవాడు పోట్లాడడు. పక్కనే పెట్రోల్ బంకు ఉంది. ఈ కారు బలం అదే, బలహీనత కూడా అదే. ఇబ్బంది పెట్టదు కాబట్టి అలవాటు మార్చదు.

అందుకే పూర్తిగా మోసం అనే కరెంటు పార్టీతో నేను ఒప్పుకోను, "రెండూ ఉన్నాయి కదా" అని పడుకునే వాడితోనూ ఒప్పుకోను. పార్కింగు చోట సొంత సాకెట్ ఉండి, రోజూ తిరిగేది బ్యాటరీ రేంజిలోపు అయి, ఏడాదికి పదిసార్లు ఊరెళ్ళే ఇంటికి ఇది చాలా మంచి కారు. ఆ సాకెట్ లేని ఇంటికి ఇది ఖరీదైన పెట్రోల్ కారు, అంతే. రేపు మనలో కొందరం ఈ బండ్లు డిజైన్ చేస్తాం, కొందరం పాలసీలు రాసే ఆఫీసుల్లో కూర్చుంటాం, చాలామందిమి ఈఎంఐలు కడతాం. ఎక్కడున్నా, షోరూమ్ కుర్రాడు "లీటరుకు ఇంత వస్తుంది సార్" అని మొదలుపెట్టగానే ఎన్ని రాత్రులు ప్లగ్ పెడితే అంత వస్తుందో అడగండి. ఇంటికొచ్చి సెల్లార్‌లోకి దిగి, ప్లగ్ పెట్టడానికి చోటుందో లేదో చూసి, అప్పుడు అడ్వాన్సు కట్టండి.

ఈ లెక్కల్లో ఎక్కడైనా పట్టు దొరికితే వచ్చే సంచికకు మీరు రాయండి. పెట్రోల్ పార్టీ, కరెంటు పార్టీ, ఎవరైనా సరే.